రాయి ఆడించిన కాళ్ళు

తలుపు మూసుకుంది, దాని నెత్తిన ఎర్ర లైటు వెలిగింది, ఇక విశ్వనాథ్ లోపల, తాను బయట. ఏలూరులో ఆ ఆసుపత్రి రెండో అంతస్తులో, ఆపరేషన్ థియేటర్ ఎదురుగా వేసిన ఇనప కుర్చీ అంచు మీద కూర్చున్న రత్నాంబకి గుండె ఒకచోట నిలవడం లేదు. కాగిన నూనెలో వేసిన అప్పడంలా ఒక్కసారి పొంగి ఒళ్ళంతా పరుచుకుంది, వేళ్ళ చివర్లదాకా చిటపటలే. భయమా అంటే ఉత్త భయమే కాదు. సంతోషమా అంటే, ఆ మాట పైకంటే పక్కనున్న కోడలు ఏమనుకుంటుందో. పెళ్ళివారింట్లో ముహూర్తం మీదికొచ్చేసి, పురోహితుడు తొందరపెడుతూ, జీలకర్ర బెల్లం గిన్నె ఎక్కడ పెట్టారో గుర్తురాక ఆడవాళ్ళంతా గదుల్లోకీ బయటికీ పరిగెడతారే, అప్పుడు పుట్టే కంగారులాంటిది, ఆ కంగారు అడుగునే ఉండే పొంగులాంటిది. మనవడి మూత్రాశయంలోంచి నిమ్మకాయంత రాయి తీస్తున్నారు. రాయి పోవాలి, పోతేనే పిల్లాడు దక్కుతాడు. కానీ రాయితోపాటు ఇంకోటి కూడా పోతుందని డాక్టరమ్మ చెప్పింది. అది పోకూడదు. మాఘమాసంలో వాడి కాళ్ళలోకి వచ్చిన కదలిక, ఆరేళ్ళు చచ్చుబడి ఉన్నాక వచ్చిన కదలిక, అదొక్కటీ పోకూడదు తల్లీ, రాయిని నువ్వు పట్టుకుపో, కాళ్ళు మాకు వదిలెయ్.

"అత్తయ్యగారూ, కాస్త వెనక్కి జరిగి కూర్చోండి, పడిపోతారు," అంది సరస్వతి.

"నేనెందుకు పడతానే? పడాల్సినవాళ్ళు ఎప్పుడో పడ్డారు," అనేసి రత్నాంబ నాలిక్కరుచుకుంది. కన్నతల్లి ముందా ఆ మాట! కానీ నోరు అలాంటిది, గుండె కొట్టుకునే కొద్దీ అది వదులైపోతుంది. సరస్వతి అత్తగారి భుజం పట్టుకుని వెనక్కి లాగి కూర్చోబెట్టి, మళ్ళీ ఎర్ర లైటుకేసి చూడసాగింది.

పడ్డాడు. తాడేపల్లిగూడెంలో తమ బియ్యం గోడౌనులో బస్తాల నెట్టు మీదికెక్కి పైవరస బస్తా ముద్ర చూద్దామని వంగాడు, కాలికింద గోతం జారింది, వెల్లకిలా సిమెంటు నేలమీద పడ్డాడు. ఒక్క రక్తం చుక్క లేదు. అదే కదా అందర్నీ మోసం చేసింది, అమ్మయ్య దెబ్బ తగల్లేదు అనుకుని కూలీలు తలో చెయ్యీ వేసి లేపి ఆటోలో కూర్చోబెట్టారు, పాపం వాళ్ళకేం తెలుసు, ఎవరికి మాత్రం తెలుసు వీపులో అంత సున్నితమైన తాడొకటి ఉంటుందనీ, ఎముక విరిగి అది నలిగిపోయిందనీ. రొమ్ము దగ్గర గీత గీసినట్టు, పైదంతా విశ్వనాథే, కిందిది ఎవరో. గిల్లితే తెలియదు, కాలితే తెలియదు, చీమలు కుడితే తెలియదు. వేలూరు ఆసుపత్రిలో నెలలకి నెలలుండి కూర్చోవడం నేర్చుకున్నాడు, చేతులతో ఒళ్ళెత్తుకోవడం నేర్చుకున్నాడు, చక్రాల కుర్చీలో గిరుక్కున తిరగడం నేర్చుకున్నాడు. ఇప్పుడు కొట్టు ఫోనంతా వాడి చేతిలోనే, ఉంగుటూరు నుంచి తణుకు దాకా ఏ మిల్లువాడి గొంతు విన్నా పేరు చెప్పేస్తాడు. ఒక్క మూత్రం సంగతే, అది తనంతట తాను రాదు, వస్తే తెలియదు. దానికో సన్న రబ్బరు పైపు, పైపు కొసన కుర్చీకి తగిలించిన ప్లాస్టిక్ సంచీ. ఆ సంచీ ఇంట్లో ఒక మనిషైపోయింది. "నిండిందా?" "నిండలేదండీ." "ఇందాకే కదా తీశాను?" అని పొద్దున లేస్తే దాని యోగక్షేమాలే. చుట్టాలొస్తే దానికి బిడియం, పైన తువ్వాలు కప్పాలి. నెలకోసారి నర్సొచ్చి పైపు మారిస్తే ఆ పూట దానికి తలంటే.

అసలు రాయంటే రత్నాంబకి కొత్తా ఏమన్నానా? ఆవిడ భర్త శివరామయ్యగారికి వచ్చింది రాయి. అబ్బో, ఆ పూట ఆయన పెట్టిన కేకలకి వీధివీధంతా అరుగుల మీదికొచ్చింది. పంచె ఊడిపోతోందన్న స్పృహ లేకుండా నేలమీద దొర్లుతూ, "రత్నం, నన్ను చంపెయ్యవే, పుణ్యముంటుంది" అని ఒకటే గోల. ఎదుటి కొట్టువాళ్ళు మనిషి పోయాడనుకుని తలుపులు దగ్గరకి వేశారు కూడానూ. తాను ఉలవలు ఉడికించి ఆ కట్టు తాగించింది, అరటి దూట దంచి రసం తీసి తాగించింది, కొబ్బరినీళ్ళు తాగించింది, ఆయన తాగనంటే ముక్కు మూసి పోసింది. చివరికి పడింది రాయి, తీరా చూస్తే ఆవగింజంత! ఆవగింజకా ఇంత అల్లరి! పోనీ అవతల పారేయనిచ్చాడా? పొడుండబ్బాలో దూది పరిచి, దానిమీద దాన్ని పడుకోబెట్టి, కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించేవాడు. "ఇదయ్యా నన్ను కొట్టింది. చూడు, దీని మొహం!" అని. నవ్వొచ్చింది రత్నాంబకి, ఆపరేషన్ గది ముందు కూర్చుని నవ్వేమిటని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తాతకి ఈ మనవడా. నిమ్మకాయంతది కడుపులో పెట్టుకుని ఒక్కసారి అయ్యో అనలేదే. అనడానికి తెలిస్తేగా? నొప్పి కాపలా కుక్కలాంటిది కదా, దొంగ గోడ దూకగానే మొరిగి లేపుతుంది. శివరామయ్యగారి పెరట్లో కుక్క పిల్లికి కూడా మొరిగేది. వీడి పెరట్లో కుక్క ఆరేళ్ళ కిందటే పోయింది. దొంగ దర్జాగా గేటు తీసుకునొచ్చి, మంచం వాల్చుకుని, పొయ్యి వెలిగించుకుని, సంసారమే పెట్టేశాడు.

ఆనవాళ్ళు లేకపోలేదు. పైపు మార్చినప్పుడల్లా దాని కొసకి ముగ్గుపిండి అద్దినట్టు తెల్లగా గరగరలాడేది. సంచీలో నీళ్ళు బియ్యం కడిగినట్టు, అడుగున మడ్డి. "నీళ్ళలో సున్నం ఎక్కువైనట్టుందమ్మా" అని కొడుకు హనుమంతరావు తాగే నీళ్ళ టిన్ను మార్పించాడు, అక్కడితో సరి. ఎవరికుంది ధ్యాస? అప్పటికే ఇంట్లో అందరి ధ్యాసా కాళ్ళ మీదికి పోయింది.

ఆ పొద్దు! తలుచుకుంటే ఇప్పటికీ చెవుల్లో వేడి పుడుతుంది. మాఘమాసపు చలి, తాను వంటింట్లో శనగపిండి కలుపుతోంది, లోపలి గదిలోంచి సరస్వతి కేక, "అత్తయ్యగారూ!" అని, ఆ కేకలో ఏడుపుందో నవ్వుందో తెలియలేదు. పిండి చేతులతోనే పరిగెత్తింది. మంచం మీద దుప్పటి మారుస్తుంటే విశ్వనాథ్ కుడికాలు ఎగిరిందట. "ఏదీ, ఏదీ, మళ్ళీ, మళ్ళీ" అంటూ ఇద్దరూ మంచానికి చెరోవైపు నిలబడ్డారు. మళ్ళీ ఎగిరింది! కుడిదే కాదు, ఎడమది కూడా. మోకాళ్ళు పైకి ముడుచుకుని, ఠపీమని చాపుకుని, మంచం కిర్రుమంది. కబురు వెళ్ళిందో లేదో కొట్లోంచి హనుమంతరావు వచ్చేశాడు, చెప్పుల్లేకుండా, బేరగాణ్ణి నిలబెట్టేసి, గల్లాపెట్టె తెరిచి వదిలేసి. ఆ కొట్టు పెట్టాక గల్లాపెట్టె తెరిచి వదిలేసి వచ్చినవాడు లేడు, వాళ్ళ నాన్న చావు కబురుకి కూడా తాళం వేసే కదిలాడు. వచ్చి కొడుకు పాదం రెండుచేతులా పట్టుకుని, "నాన్నా, నువ్వే కదిపావా? నువ్వే కదూ?" అన్నాడు. వాడు ఏదో అనబోయాడు. "అది నేను కాదు నాన్నా, వేలూరులో కూడా అప్పుడప్పుడూ..." అంటూండగానే కాలు మళ్ళీ ఎగిరి తండ్రి గుండెల మీద తన్నింది. ఆ తన్నుకి హనుమంతరావు వెనక్కి పడి, కూలబడ్డ చోటే కూర్చుని, పగలబడి నవ్వాడు. ఇంకెవరు వింటారు పిల్లాడి మాట? సరస్వతి దేవుడి గదిలో గంట వాయిస్తోంది.

తర్వాత ఎంత సందడని! ఆరేళ్ళుగా గొంతు తగ్గించి మాట్లాడుకున్న ఇల్లు. పలకరించడానికి వచ్చేవాళ్ళు మానేసిన ఇల్లు. ఇప్పుడు చెప్పులు విడిచే చోటు లేదు. "పిన్నిగారూ, మనవడు కాళ్ళాడిస్తున్నాట్ట కదా, మాకూ చూపించరూ?" అని గూడెంలో ఎరిగున్నవాళ్ళూ ఎరగనివాళ్ళూ. తాను వాడి పిక్క మీద అరచెయ్యి వేసి కూర్చునేది, చెరువులో గాలం వేసినవాడు బెండుకేసి చూసినట్టు, ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది, అదిగో! చేతి కింద కండ బిగిసి, వణికి, తంతుంది. కడుపుతో ఉన్నప్పుడు పిల్లాడు లోపల తన్నితే ఎలా ఉంటుందో అలా. ఆ మాట సరస్వతితో అంటే, "నాకూ అలాగే ఉంటోందండీ" అంది. అత్తాకోడళ్ళు ఆరేళ్ళలో ఒకరి మాటకి ఒకరు సై అనడం అదే మొదలు.

ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వాణ్ణి తీసుకెళ్ళారు. ఆవిడ పుట్టిల్లు ఆకివీడు, కొల్లేటి గాలి పీల్చి పెరిగిన మనిషి, చిన్నప్పుడు అమ్మవారి దగ్గరికి పడవలో వెళ్ళేవారు, గుర్రపుడెక్క తీగెలు తెడ్డుకి చుట్టుకుంటే పడవవాడు తిట్టుకుంటూ విడదీసేవాడు, గూడబాతులు తెల్లగా లేచిపోయేవి. ఇప్పుడు రోడ్డే, రెండు పక్కలా చేపల చెరువులు. కొట్లో పనిచేసే తాతాజీ వ్యాను తోలాడు, కుర్చీతో సహా విశ్వనాథ్‌ని ఎత్తి దించాడు. జనం, డప్పులు, ఎండ. హారతి పళ్ళెం పైకి లేచిన క్షణాన రత్నాంబ పక్కకి చూస్తే, ఓరి నాయనో, వాడి మొహం కుంకం పూసినట్టు ఎర్రబడింది, తలలోంచి చెమట ధారలు కట్టి చెవుల మీంచి కారుతోంది, చేతుల మీద రోమాలు ముళ్ళలా లేచి నిలబడ్డాయి, కాళ్ళు రెండూ కర్రల్లా ముందుకి చాచుకుని అదురుతున్నాయి. "అమ్మ పూనింది! అమ్మొచ్చింది!" అని వెనకనుంచి ఎవరో అరిచారు, డప్పులు రెట్టించాయి, ముక్కూ మొహం తెలియని ఓ ఆడమనిషి వాడి పాదాల మీద పడి, "తల్లీ, మా పిల్లకి ఈ ఏడన్నా సంబంధం కుదురుద్దా? చెప్పు తల్లీ" అని బతిమాలింది. తాను మాత్రం? తానూ చేతులెత్తి మొక్కింది, కన్న కొడుకు కొడుక్కే. వాడు పళ్ళబిగువున, "మామ్మా, పైపు, పైపు చూడు" అంటున్నాడు. తాతాజీయే వంగి చూశాడు, కుర్చీ చక్రం కింద పైపు నలిగి ఉంది. లాగాడు. కాసేపటికి ఎరుపు దిగింది, రోమాలు ఒరిగాయి, కాళ్ళు వాలాయి. "అమ్మ శాంతించిందండీ" అన్నాడు తాతాజీ, కళ్ళకద్దుకుంటూ. అవునన్నారు అందరూ. పైపు లాగితే శాంతించే అమ్మవారు ఎక్కడన్నా ఉంటుందా అని ఒక్కళ్ళకి తట్టిందా? పైపే కాదు, లోపల రాయి కూడా దారికి అడ్డంపడి కూర్చుంటోందని ఎవరికి తట్టాలి?

"మామ్మగారూ, నీళ్ళు తాగారా?" అంది నర్సు ఏంజెల్, ఫైలు పట్టుకుని అటు వెళ్తూ.

"నా నీళ్ళకేంగానీ, లోపలేం చేస్తున్నారమ్మా?"

"చేస్తున్నారండి. అవుతుంది."

"వాడి కాళ్ళు కట్టేశారా? ఎగురుతాయి, చూసుకోవాలి. డాక్టరమ్మ మొహం మీద తన్నగలడు, వాళ్ళ నాన్నని తన్నాడు."

ఏంజెల్ నవ్వింది. "మత్తిచ్చారు కదండీ, ఎగరవు. మీరు తన్నకుండా కూర్చుంటే చాలు, ఇందాకట్నించి ఆ కుర్చీని తంతానే ఉన్నారు."

చూసుకుంటే నిజమే, తన మడమ కుర్చీ కాలిని టకటకా కొడుతోంది. ఆపింది. మళ్ళీ అదే మొదలెట్టింది. ఎగరవట. మత్తుకి ఎగరవు, సరే, మత్తు దిగాక? చైత్ర వైశాఖాల్లో కాళ్ళు ఎంత ఎగిరితే అంత సంబరపడ్డారు, ఆ ఎగిరినప్పుడల్లానే కదా వాడు తల పట్టుకునేవాడు. "తల బద్దలైపోతోంది మామ్మా, నన్ను లేపి కూర్చోబెట్టు" అనేవాడు. తాను సానమీద శొంఠి అరగదీసి నుదుటికి పట్టువేసేది, అది ఆరి చర్మం లాగుతూంటే నొప్పి లాగేస్తోందనుకునేది. ఇంతమంది కళ్ళు పడ్డాయి, తగలదూ మరి, అని ఉప్పూ మిరపకాయలూ తీసేది. అవి నిప్పులో వేస్తే ఘాటు రాకపోతే దిష్టే అని ఖాయం. ఘాటు వచ్చిందో రాలేదో ఆ హడావిడిలో ఎవరు చూశారు. ఆషాఢంలో చలిజ్వరం తగిలింది, పళ్ళు టకటకమన్నాయి, నర్సు కొత్త పైపు వెయ్యబోతే అది లోపలికి పోక వంకర తిరిగి వెనక్కి వచ్చింది. అప్పుడు తీశారు ఎక్స్‌రే. నల్లటి రేకులో నడుము ఎముకల గిన్నె, ఆ గిన్నెలో తెల్లగా గుండ్రంగా, ఎవరో నైవేద్యం పెట్టినట్టు.

ఏలూరులో ఈ డాక్టరమ్మ ఇందుజ, మనవరాలి వయసు, ఆ రేకు కిటికీకేసి పెట్టి ఓపిగ్గా చెప్పింది. "లోపల రాయి రాపాడుతుంటే ఆ సంగతి మెదడుకి చేరదండి మామ్మగారూ, మధ్యలో దారి తెగింది కదా. తెగినచోటు నించి వెనక్కి తిరిగి కాళ్ళని ఎగరేస్తుంది. అది నడకకి మొదలు కాదండి, ఒళ్ళు పెడుతున్న కేక. ఆ కేకకే బీపీ ఆకాశానికెళ్ళి తలపోటు. ఇలాగే వదిలేస్తే ఏదో ఓ రోజు తలలో నరం చిట్లిపోతుందండి." హనుమంతరావు తెలివిగా అడిగాననుకుని, "స్పర్శే లేదు కదండీ, మరి మత్తు దేనికి?" అన్నాడు. "అతనికి తెలియకపోయినా అతని ఒంటికి తెలుస్తుందండి. కత్తి పెట్టగానే అదే కేక" అంది. అప్పుడే ఇంకోటి చెప్పింది, ఎడమ కిడ్నీ ఉబ్బింది, మూత్రం కిందికి పోయే దారిలేక పైకి తన్నుతోంది అని. హనుమంతరావుకి అర్థం కాలేదు, రత్నాంబకి చప్పున అర్థమైంది. ఉప్పుటేరు పూడితే ఏమవుతుందో ఆకివీడు పిల్లకి ఒకరు చెప్పాలా? కొల్లేరు నీళ్ళు సముద్రానికి పోయేది ఆ ఒక్క దారినే, అక్కడ మేటవేస్తే వాన కురిసిన నీళ్ళన్నీ ఎగదన్ని, లంకల్లో ఇళ్ళల్లోకి పాములతో సహా వచ్చేస్తాయి. ఓ ఏడు వాళ్ళ నాన్న కొట్లో ఉప్పు బస్తాలు రాత్రికి రాత్రి కరిగిపోయాయి, పొద్దున్న చూస్తే గోతాలు మాత్రం నవ్వుతూ తేలుతున్నాయి. పిల్లాడి లోపల కొల్లేరు ఎగదన్నుతోంది. మేట తీసెయ్యాలి, తీసెయ్యాల్సిందే. "మరి కాళ్ళో అమ్మా?" అని తానే అడిగింది, ఆ ప్రశ్న కొడుకూ కోడలూ అడగలేక తనకేసి చూస్తున్నారు గనక. "రాయి పోతే చాలామటుకు నెమ్మదిస్తాయండి" అంది డాక్టరమ్మ. నెమ్మదిస్తాయి! ఎంత మెత్తటి మాట, పసిపాప నిద్రపోతుందన్నట్టు.

డాక్టర్లకి అన్నీ తెలుస్తాయా ఏం? రాయివల్లే ఎగిరాయి, ఒప్పుకుంది, కానీ ఎగరడం అలవాటయ్యాక రాయి లేకపోయినా ఎగరకూడదా? ఉయ్యాల ఊపి వదిలేస్తే కాసేపు దానంతటది ఊగదా? ఎడ్లు ఖాళీ బండితో కూడా ఇల్లు చేరవా? తల్లీ పెద్దింట్లమ్మా, నువ్వు పూనలేదని అంటున్నారు, పోనీ పూనకపోతే పోయావు, ఇప్పుడన్నా రా. నీకు పట్టుచీర, పసుపు కుంకం, ఈసారి నడిపించుకుని తెస్తా. అంతలోనే స్ట్రెచర్ మీద లోపలికి వెళ్తూ వాడన్న మాట అడ్డొచ్చింది. తన చెయ్యి గట్టిగా పట్టుకుని, "మామ్మా, ఈసారి మాత్రం ఏం మొక్కుకోకు" అన్నాడు. ఎందుకన్నాడలా? ఆపరేషన్‌కి వెళ్ళేవాడు మొక్కుకోమంటాడు గానీ వద్దంటాడా? ఆ కళ్ళలో ఏదో ఉంది, అప్పు ఎగ్గొట్టినవాడి కళ్ళలా, కాదు కాదు, నిజం నోట్లో పెట్టుకున్నవాడి కళ్ళలా. ఆ చూపు తలుచుకుంటే మళ్ళీ ఒళ్ళు చిటపటమంది, మొక్కు సగంలో ఆగిపోయింది, అమ్మవారితో మాట్లాడుతూ ఫోను కట్ అయినట్టు. వద్దన్నాడు, కానీ సగం మొక్కు మొక్కేశాను, మిగతా సగం ఏం చెయ్యాలి? బతికించు అని పూర్తిచెయ్యనా? అదొక్కటే చాలా? ఇన్నాళ్ళూ బతుకు సంగతి మర్చిపోయి కాళ్ళే అడుగుతోందా తాను?

లైటు ఆరింది.

సరస్వతి లేచింది, హనుమంతరావు మెట్ల దగ్గర ఫోను మాట్లాడుతున్నవాడల్లా కట్ చెయ్యకుండానే వచ్చేశాడు, అవతలివాడు హలో హలో అంటున్నాడు. తలుపు తీసుకుని ఇందుజ వచ్చింది, నుదుటిమీద టోపీ గుర్తు. "వచ్చేసిందండీ, ముక్కలవకుండా మొత్తం వచ్చేసింది. బీపీ కూడా చక్కగా నిలబడింది. కిడ్నీ నెమ్మదిగా తేరుకుంటుంది." ఏంజెల్ చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో పసుపు తెలుపు కలిసిన గరుకు రాయి, కొల్లేటి ఒడ్డున దొరికే నత్తగుల్లలు కలిపి ముద్దచేసినట్టుంది. ఇదా! ఇంట్లోవాళ్ళందర్నీ గంతులేయించింది ఇదా! రత్నాంబకి దాన్ని తిట్టాలనిపించింది. చూడటానికి ఒక్కళ్ళే రావాలన్నారు. అందరికన్నా ముందు తానే లేచింది, మోకాళ్ళ నొప్పి ఏమైందో ఏమో, పడుచుపిల్లలా లేచింది. కొడుకు, "అమ్మా, కాళ్ళు చూసి చెప్పు" అన్నాడు.

లోపల చల్లగా ఉంది. విశ్వనాథ్ కళ్ళు మూసుకుని ఉన్నాడు, పక్కన గాజుసీసాలోంచి సెలైను చుక్కలు చుక్కలుగా దిగుతోంది. ఆవిడ చెయ్యి తనంతట తానే దుప్పటి కిందికి వెళ్ళింది, పిక్క మీద ఆగింది. కూర్చుంది. గాలం వేసి కూర్చుంది. ఏమీ లేదు. చల్లగా, మెత్తగా, బరువుగా, ఏమీ లేదు. ఇప్పుడొస్తుంది అనుకుంది, ఇప్పుడు, ఇదిగో ఇప్పుడు.

"మత్తు ఇంకా దిగలేదు కదండీ మామ్మగారూ," అంది ఏంజెల్ పక్కనుంచి, మెల్లగా.

అంతే, గుండె మళ్ళీ లేచింది. అవును, మత్తు! మత్తు దిగాక చూడాలి.

"మత్తు దిగినా కదలవు మామ్మా," అన్నాడు విశ్వనాథ్. కళ్ళు తెరిచే ఉన్నాడు, ఎప్పుడు తెరిచాడో. "నాకు తెలుసు."

"ఊరుకో. నీకేం తెలుసు? డాక్టరమ్మ చాలామటుకు అందిగానీ పూర్తిగా అనలేదు."

"వేలూరులోనే చెప్పారు మామ్మా. కాళ్ళు బాగా ఎగురుతుంటే సంబరపడొద్దు, లోపల ఎక్కడో ఏదో అయ్యుంటుంది, వెంటనే చూపించుకో అని. నాలాంటివాళ్ళందరికీ చెప్తారు. తల పగిలేలా నొప్పొస్తే ముందు పైపు చూసుకోమనీ చెప్పారు."

"ఎప్పట్నించి తెలుసురా నీకు?"

"మొదటిరోజు నించీ."

రత్నాంబ చెయ్యి పిక్క మీంచి లేచింది. కొట్టడానికి లేచిందో, ఎందుకు లేచిందో. "సన్నాసీ! చచ్చిపోయేవాడివి కదరా! తలలో నరం చిట్లిపోయేదిట! చెప్పలేకపోయావా? నోరు పడిపోయిందా? దానిక్కూడా దెబ్బ తగిలిందా?"

"చెప్పబోయాను. అప్పటికే నాన్న నేలమీద కూర్చుని నవ్వుతున్నాడు." వాడి పెదాలు ఎండిపోయి ఉన్నాయి, మాటకీ మాటకీ మధ్య ఆగుతున్నాడు. "నేను పడ్డాక నాన్న నవ్వడం అదే చూడ్డం మామ్మా. మర్నాడు చెబుదామనుకున్నా. మర్నాడు అమ్మ నా గదిలో పాట పాడుతూ బట్టలు మడతపెడుతోంది. ఆ తర్వాత జనం. ఒక్కోరోజు గడిచేకొద్దీ ఇంకా కష్టమైపోయింది. పైపు నేనే కదుపుకుంటూ ఎలాగో నెట్టుకొచ్చేద్దామనుకున్నా. ఇంత పెద్దదని అనుకోలేదు. గదిలోకి ఎవరొచ్చినా ముందు కాళ్ళకేసే చూసేవారు. నాతో మాట్లాడేది కూడా కాళ్ళకేసి చూస్తూనే. మొదట్లో బావుండేది. తర్వాత, తల పగిలిపోతుంటే, ఒక్కళ్ళన్నా నా మొహంకేసి చూస్తే బావుణ్ణనిపించేది" అన్నాడు.

ఆవిడ చూసింది. ఎన్నాళ్ళకి చూసిందో. కళ్ళకింద నలుపు, చెంపలు లోపలికి పోయాయి, గడ్డంలో ఓ తెల్లవెంట్రుక, ఈ వయసుకే! ఎప్పుడొచ్చింది అది? తాను వాడి పిక్క మీద చెయ్యి వేసుకుని కూర్చున్న గంటల్లో ఎప్పుడో వచ్చుంటుంది. కోపం, ప్రేమ, నవ్వు, ఏడుపు అన్నీ ఒక్కసారే గుమ్మంలో ఇరుక్కున్నట్టు ఏదీ బయటికి రాలేదు.

"ఇప్పుడు తలెలా ఉంది?" అని అడిగింది చివరికి.

"ఏం లేదు మామ్మా. అసలేం లేదు. ఖాళీగా ఉంది, హాయిగా." నవ్వాడు. "నాన్నకి నువ్వే చెప్పాలి. నావల్ల కాదు."

బయటికి నడిచింది. నాలుగు అడుగుల దూరమే, అందులో ఆవిడ నలభై మాటలు అల్లింది, నలభైనీ విప్పేసింది. మత్తు దిగలేదంటే ఈ పూటకి గడుస్తుంది. రేపు? అమ్మవారి దయ అంటే ఇంకో ఫాల్గుణం దాకా గడుస్తుంది. ఆ తర్వాత? అలా గడిపే కదా లోపలున్నవాడు చావుదాకా వెళ్ళొచ్చింది. వద్దు, ఒక్కళ్ళు గడిపింది చాలు. తలుపు తోసేసరికి కొడుకూ కోడలూ గుమ్మానికే అతుక్కుని ఉన్నారు.

"అమ్మా, కాళ్ళు?"

"కదలవు," అంది. "మత్తు దిగినా కదలవు. అది కదలికే కాదు. వాడికి మొదట్నించీ తెలుసట."

సరస్వతి గోడ పట్టుకుంది. హనుమంతరావు మొహం మీద ఏదో వచ్చి, ఎటు వెళ్ళాలో తెలియక, అక్కడే తిరిగింది. "తెలుసా? మరి... ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు నవ్వావట. మళ్ళీ ఏడుస్తావని చెప్పలేదట. నీకోసమే తలపోటంతా భరించాడు."

"నేనెందుకు ఏడుస్తాను?" అన్నాడు హనుమంతరావు, కన్నీళ్ళు వరదలై చొక్కా మీద పడుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. "నేనేం ఏడవనే! పిచ్చివెధవ. ఇప్పుడు తలపోటుందా?"

"లేదు. హాయిగా ఉందన్నాడు. నవ్వాడు."

"నవ్వాడా?" అన్నాడు, అనడం పూర్తికాకుండానే ఏంజెల్ ఒక్కళ్ళే ఒక్కళ్ళే అంటున్నా వినకుండా లోపలికి పోయాడు. తలుపు సందులోంచి అత్తాకోడళ్ళు ఒకరి మీద ఒకరు వాలి చూశారు. మంచం కాళ్ళవైపు తలుపుకి దగ్గర, తలవైపు దూరం. దుప్పటి కింద పాదాలు రెండూ కదలకుండా గుడారాల్లా నిలబడి ఉన్నాయి. హనుమంతరావు వాటిని దాటుకుని, వాటికేసి ఒక్కసారి కూడా తిరగకుండా, అటు చివరిదాకా వెళ్ళి, వంగి, కొడుకు మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.